పాపారావు పడవకు ఇంజను కట్టిన సత్యవేదం

దెందులూరు చుట్టుపక్కల బండి చక్రం వదులైతే సత్యవేదం దగ్గరికే తోలుకొచ్చేవారు. వడ్రంగం, కమ్మరం రెండూ అతను మిషను బడిలో నేర్చుకున్నాడు. మాటల్లో మహా పొదుపరి. ఏ పని చెప్పినా "చూద్దామండి" అని ఊరుకునేవాడు. అతను చూద్దామంటే ఆ పని అయిపోయినట్టేనని ఊళ్లో నమ్మకం. నలభై ఏళ్లొచ్చినా పడవ పని మాత్రం ఎప్పుడూ ముట్టుకోలేదు.

1936లో వానలు వెనకబట్టాక మిషను ఆసుపత్రి నర్సు లిడియా అతన్ని పిలిపించింది. ఆసుపత్రి వరండాలో గోనెపట్టా కింద ఒక ఇంజను ఉంది. పడవ వెనక తగిలిస్తే నీళ్లలో రెక్కలు తిప్పుకుంటూ పడవను తోసుకుపోతుందట. దొరల సీమనుంచి ఎవరో దాత పంపాడు. కొల్లేటి లంకల్లో ఎవరికైనా కాన్పు కష్టమైతే గెడకర్రతో పడవ తోసుకుంటూ వెళ్లేసరికి పూట గడిచిపోతుంది. ఇంజనుంటే గంటలో చేరవచ్చు. మిషనుకు సొంత పడవ లేదు. లంకల దారులన్నీ ఎరిగిన పాపారావు తన చేపల పడవ ఇస్తానన్నాడు.

చిక్కల్లా ఆ పడవతోనే వచ్చింది. ఇంజనుకున్న బిగింపు మరలు పట్టుకోవడానికి పడవ వెనక బల్లపరుపుగా ఒక పలక కావాలి. కొల్లేటి పడవకు ముందువైపు అణియం ఎంత మొనదేలి ఉంటుందో, వెనక అమరమూ అంతే. ఏలూరు నుంచి వచ్చిన బస్సు మెకానిక్కు జోగారావు ఒడ్డున నిలబడే తేల్చేశాడు.

"అమరం ఒక జానెడు కోసేసి, పలక పెట్టి, నాలుగు బోల్టులు దిగ్గొడితే సరిపోద్దండి."

పాపారావు అతని వంక ఎగాదిగా చూశాడు. "మీ బస్సు వెనక్కెలా తిరుగుద్దండీ?"

"రోడ్డుంది కదండీ, తిప్పుకుంటాం."

"కిక్కిస గడ్డిలో రోడ్డెవడేశాడండీ? మనిషి మునిగేంత ఎత్తున అటూ ఇటూ గడ్డి. మధ్యలో పడవ పట్టేంత సందు. అక్కడ పడవ తిరగదు. నేనే ఈ కొస నుంచి ఆ కొసకు నడిచి, గెడ అటేసుకుని వచ్చేస్తాను. తోక కోసేస్తే ఇక ఆ గడ్డిలోనే కాపురం పెట్టుకోవాలి. ఇరవయ్యేళ్ల పడవండీ ఇది. చిల్లు పడితే పలక చీలుద్ది. ఇది పోతే నాకింకోటి లేదు."

సత్యవేదం నీళ్లలోకి దిగి అమరాన్ని అరచేత్తో రెండువైపులా తడిమాడు.

"ఒక్క మేకు కొట్టనండి. ఒక్క చిల్లు పెట్టను. మీ పడవ ఎలా ఉందో అలాగే మీకు అప్పజెబుతాను."

అతను ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడటం లిడియా ఎన్నడూ వినలేదు.

ఎద్దు మెడకు కాడిని మేకులతో కొట్టం కదా అన్నది అతని ఆలోచన. తాటాకు కత్తిరించి అమరం వంపు కొలత తీసుకున్నాడు. ఆ వంపుకు అచ్చంగా అతుక్కునేలా రెండు తుమ్మ దిమ్మెలు చెక్కాడు, ఈ పక్కకొకటి, ఆ పక్కకొకటి. వాటికి వెనక అడ్డంగా ఇంజను పట్టుకునే టేకు పలక. అన్నిటినీ చుట్టి రెండు ఇనప పట్టాలు. పట్టాల సందుల్లో నాలుగు తుమ్మ చీలలు. చీలలు దిగ్గొడితే బిగువు, లాగేస్తే విడుపు. ఈ పడవ కాడి అంతా తయారవడానికి తొమ్మిది రోజులు పట్టింది.

పదో రోజు సాయంత్రం పడవకు కాడి తొడిగి, చీలలు ఖంగుమని మోగేదాకా కొట్టాడు.

"మరీ బిగించావేమోనయ్యా," అన్నాడు పాపారావు.

"బండి చక్రానికి ఇంతకంటే బిగిస్తానండి."

రాత్రంతా పడవ నీళ్లలోనే కట్టి ఉంది.

పొద్దున్నే సత్యవేదం పనిముట్ల సంచి పడవలో వేసుకుని ముగ్గురూ బయలుదేరారు. ఏడోసారి తాడు లాగాక ఇంజను అందుకుంది. లిడియా పిడి పట్టుకుంది. పాపారావు అణియంలో గెడ ఒళ్లో పెట్టుకుని, "చేతులకు పని లేకపోతే పెళ్లివారిలా ఉందండీ," అన్నాడు. సత్యవేదం కళ్లు కాడి మీదే ఉన్నాయి. అది వెంట్రుకవాసి కూడా కదల్లేదు.

కిక్కిస సందులో సగం దూరం వెళ్లేసరికి నాచు రెక్కలకు చుట్టుకుని ఇంజను ఆగిపోయింది. మరలు విప్పి దాన్ని పడవలో పడుకోబెట్టారు. వెనక్కి మళ్లడానికి పాపారావు వెనక కొసకు వచ్చి గెడ వేశాడు. టేకు పలక గడ్డికి అడ్డంపడి పడవ కదల్లేదు. కాడి తీసేస్తే తప్ప దారి లేదు.

సత్యవేదం నడుంలోతు నీళ్లలోకి దిగి చీల పట్టుకు లాగాడు. రాలేదు. రాత్రంతా నీళ్లు తాగి నాలుగు చీలలూ ఉబ్బిపోయాయి. అంతలో ఆ బిగువుకు అమరం లోపల ఎక్కడో చెక్క 'టక్'మంది. పాపారావు గెడ పక్కన పడేసి అమరం పలక తడిమాడు.

"సుత్తితో ఒక దెబ్బ వేస్తే ఊడిరాదా సత్యవేదంగారూ?" అంది లిడియా.

"ఆ దెబ్బ పడవకు తగుల్తుందమ్మగారూ. రంపం ఇలా ఇవ్వండి."

పాపారావుకు అర్థమైంది. "తొమ్మిది రోజుల పనయ్యా అది."

"బండి బిగువు తెచ్చి పడవకు పెట్టాను. తప్పు నాదండి."

తను చెక్కిన దిమ్మెను తనే కోయడం మొదలుపెట్టాడు. రంపానికీ పడవ పలకకూ మధ్య ఎడమచేతి వేళ్లు రెండు అడ్డం పెట్టాడు. రంపం జారితే ముందు వేళ్లకు తగలాలి, పలకకు కాదు. ఒకసారి జారింది కూడా. అతను పళ్లు బిగపట్టి కోస్తూనే ఉన్నాడు. రెండో దిమ్మె తెగాక పట్టాలు సడలి కాడి ముక్కలై చేతికొచ్చింది. పడవ తేలిగ్గా వెనక్కి జరిగింది.

బయట తేట నీళ్లలోకి వచ్చాక లిడియా అతని వేళ్లకు కట్టు కట్టింది.

"పడవ చూసుకోండి," అన్నాడు సత్యవేదం.

"చూశాన్లే," అన్నాడు పాపారావు, అటు తిరక్కుండానే. కాసేపు గెడ వేసి, "ఈసారి చీల సగమే దిగ్గొట్టు. తక్కిన సగం కొల్లేరే బిగిస్తుంది," అన్నాడు.

"మళ్లీ ఇస్తారాండీ పడవ?"

"మా దొడ్లో తుమ్మమొద్దు ఉంది. వెళ్లేటప్పుడు పట్టుకెళ్లు."

రెండో కాడి ఎనిమిది రోజుల్లో అయింది. చీలలు సగం దాకా కొట్టి, సుత్తి పక్కన పెట్టి, తక్కిన పని నీళ్లకు వదిలేసి సత్యవేదం గట్టున కూర్చున్నాడు.