వావిలి పీకించిన గట్టు

మా వంటింటి వెనకగోడకూ వాగుకూ మధ్య ఒకప్పుడు ఇరవై అడుగులు వేసేంత నేల ఉండేది. ఇప్పుడు ఏడే. మిగతాది వాగు తిన్నది. తినిపించింది నేను.

గట్టు మీద వావిలి పొదలుండేవి. గంపలల్లే అవ్వ ఒకతె మా నాయిన కాలం నుంచీ ఏటా వచ్చి బరిగెలు కోసుకుపోయేది. ఎవరినీ అడిగేది కాదు. ఆ అడగకపోవడమే నాకు ఒళ్లు మండించేది. ఒక ఏడు ఎదురెళ్లి ఆమె కొడవలి లాక్కున్నాను. వారం తిరక్కుండా ఇంకో కొడవలితో వచ్చింది. జేసీబీ పిలిపించి వావిలి మొత్తం వేళ్లతో సహా పీకించాను. ఆమె నడిచే తోవకు అడ్డంగా రాతిగోడ పెట్టించాను. పెద్ద ఘనకార్యంలా చుట్టాలకు చెప్పుకున్నాను కూడా.

మరుసటి వానాకాలానికే గట్టు విరిగిపడసాగింది. యూరియా సంచుల్లో ఇసుక నింపి పేర్చాను. దూరం నుంచి మోయడానికి బద్ధకించి ఆ ఇసుకను గట్టు మొదట్లోనే తవ్వాను. వరదొచ్చి సంచుల్నీ, కింద బోలుపడ్డ గట్టునూ కలిపి పట్టుకుపోయింది. కాంక్రీటు గోడంటే ఇల్లు అమ్ముకున్నా చాలదన్నాడు కొడకండ్ల నుంచి పిలిపించిన మేస్త్రీ. వంటింటి గోడ నెర్రె విచ్చింది.

"పోయి గా అవ్వను అడుగు," అంది నా భార్య. "నీ పౌరుషం మీద కూసోని వండుకుంటమా?"

వెళ్లాను, ఇష్టంతో కాదు. అవ్వ అల్లుతున్న గంప మీంచి తలెత్తలేదు.

"అవ్వా, గట్టుకు నాటుత. వావిలి కొమ్మలు కావాలె."

"ఉన్నయి. ముందుగాల గోడ ఇప్పు."

"గోడకు, గట్టుకు ఏం సంబంధం?"

"రాళ్లు కొనెతందుకు పైసలున్నయా నీకాడ? గా గోడ రాళ్లే గట్టు మొదట్ల పేర్చు. మీద మట్టి, మట్టిల కొమ్మలు. నా తొవ్వ నాకైతది."

గోడ విప్పి, నేనూ నా భార్యా మూడు రోజులు రాళ్లు మోశాం. తొలకరికి అవ్వ వచ్చి కొమ్మలు ఏటవాలుగా గుచ్చింది. నేను సాయానికి వంగితే, "నువ్వు ముట్టకు, బతుకయి," అంది. పళ్లు కొరుక్కుంటూ నిలబడ్డాను.

రెండు వానాకాలాలు గడిచాయి. ఏడు అడుగులూ నిలిచాయి. ఆమె పొడ నాకిప్పటికీ గిట్టదు. ఈ ఏడు కోతకు మాత్రం ఆమె రాలేదు. కోయకపోతే వావిలి బరువెక్కి, గాలికి ఊగి మట్టిని కదుపుతుంది. వారం రోజులు చూసి, నేనానాడు లాక్కున్న కొడవలిని చూరులోంచి తీసి ఆమె ఇంటికి పట్టుకెళ్లాను.

"బరిగెలు ముదిరినయ్ అవ్వా. వచ్చి కోసుకో."

కొడవలి అందుకుని వేలితో అంచు చూసింది. "తుప్పు పట్టిచ్చినవ్," అని లేచింది. దారంతా నాకన్నా ముందే నడిచింది. గోడ తీసేసిన చోటునుంచి, నన్ను అడగకుండానే గట్టు దిగింది.