అడుగున పెట్టిన కాగితం

ఈ రోజు పొద్దున నేనొక గంపను కడిగాను. వెదురు గంపయితే చెప్పుకోవలసిన పనే లేదు. అది కాగితపు గంప. బహదూర్‌పల్లిలో మేముంటున్న ఇంట్లో సజ్జ మీద దుమ్ముపట్టి ఉంటే, నేనూ ఒక పని చేశాననిపించుకోవాలని దించి, కుళాయి కింద పెట్టి పీచుతో తోమాను. కాసేపటికే అది నా చేతుల్లో మెత్తబడి అడుగు ఊడిపోయింది.

బొమ్మలు వేయడం నేర్చుకుంటున్న మా అమ్మాయి వచ్చి చూసి, "డాడీ, కాగితాన్ని ఎవరన్నా కడుగుతరా?" అంది. ఆమెకు కోపం కన్నా కుతూహలమే ఎక్కువ. విడిపోయిన పొరలను గోటితో లేపి చూస్తూ ఏది ఎవరిదని మా అమ్మను అడగసాగింది. పై పొర తనదని, అందులో నా పెళ్లి కార్డులూ, మా పొలం ప్లాట్లయినప్పుడు పంచిన రంగు కాగితాలూ ఉన్నాయని, కింది పొర మా అవ్వదని అమ్మ చెప్పింది. "అన్నిటికన్నా అడుగున ఉన్నది మీ తాత చెల్లె రాసిన కాగితం, బిడ్డా. పదేండ్లకే పోయింది పాపం." అడుగున ఉన్నది ఆమె కాగితం కాదని ఆ ఇంట్లో తెలిసినవాణ్ని నేనొక్కణ్నే.

మన తరం వాళ్లకు ఈ గంపల సంగతి కొత్త కాదు. పాత కాగితాలు మూడు రోజులు నానబెట్టి, నానిన మెంతులు కలిపి రోట్లో దంచి, బోర్లించిన కుండ మీద ఆ గుజ్జును మెత్తి నీడన ఆరబెట్టేవారు. మా ఊరు రావల్కోల్‌లో మా అవ్వ ఆ పైన ఎర్రమట్టి జాజు పూసి, అంచున పగిలిన గాజుల ముక్కలు అద్దేది. మా ఇంటి ఆచారం మరొకటుంది: గంప అరిగితే పారేయకుండా, ఆ ఇంటి ఆడవాళ్లు తాము దాచుకోవాలనుకున్న కాగితాలు దంచి మీద కొత్త పొర వేసేవారు. గుజ్జయ్యాక అక్షరం కనబడదు కాబట్టి ఏ పొరలో ఏముందో ఒకరికొకరు చెప్పుకుంటేనే తెలుస్తుంది.

తొంభైలలో, నేను అల్వాల్‌లో ఒక మందుల దుకాణంలో కొత్తగా పనికి కుదిరిన రోజుల్లో, కాగితాలు దాచే మా ఇంటి సందుగ పెట్టెకు చెదలు పట్టాయి. అవ్వ కాగితాలన్నీ వాకిట్లో కుప్ప పోసి, చిన్నప్పుడే చచ్చిపోయిన తన కూతురు, అంటే మా మేనత్త, బడిలో రాసిన కాగితం వెతికి ఇమ్మని నన్నడిగింది. ఆమెకు చదువు రాదు. "సందుగల పెడితే శెదలు తింటయి కొడుకా. గంపల పెడితే మెంతి చేదుకు పురుగు ముట్టది," అంది. నాకేమో దోస్తులతో సినిమాకు పోవాలి, మేడ్చల్‌లో రైలు దొరకదేమోనని ఆత్రం. కుప్పలో నుంచి నా మూడో తరగతి లెక్కల కాగితం ఒకటి లాగి, ఇదేనవ్వా అని చేతిలో పెట్టి పరుగెత్తాను. ఆమె దాన్ని కళ్లకద్దుకుని, విడిగా దంచి, రొట్టెలా చేసి గంప అడుగున పరిచింది.

నెల తిరగకుండా అసలు కాగితం పాత పంచాంగంలో దొరికింది. చెప్పేద్దామని వెళ్లాను కూడా. అప్పటికే అవ్వ గంపలో వక్కలు పోసుకుని, ఇంటికొచ్చిన పక్కింటామెకు అడుగు చూపిస్తూ, "గిది నా బిడ్డనే," అంటోంది. చెప్పకుండానే వెనక్కి తిరిగి, కాగితాన్ని నా సర్టిఫికెట్ల మధ్య దాచాను. రెండు వేల సంవత్సరం దాటాక పోయేంత వరకూ ఆమె మంచం మీద కూర్చుని ఆ అడుగునే వేళ్లతో నిమురుకుంటుంటే, నేను ఆ గదిలోకి పోవడం తగ్గించుకున్నాను. తప్పు చేయడం ఒక మాటయితే, దాన్ని చూడకుండా తప్పించుకు తిరగడం అంతకన్నా పెద్ద తప్పని ఇప్పుడనిపిస్తుంది.

ఇవాళ ఆ కాగితం తెచ్చి అమ్మ ముందు పెట్టి జరిగినదంతా చెప్పాను. అమ్మ కాగితాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. తరువాత, "అయితే మా అత్త ఇన్నేండ్లు నీ తప్పుడు లెక్కలు నిమురుకుంట కూసున్నదా," అని ఒకసారి నవ్వి, కొంగుతో కళ్లు తుడుచుకుంది. నన్నే చదవమంది. అవ్వకు ఆనాడు చదివి వినిపించవలసిన దాన్ని నేను మొదటిసారి పైకి చదివాను: "మా ఇంట్లో రెండు ఎడ్లు ఉన్నవి. ఒకటి పొడుచును. మా అమ్మను మాత్రం పొడవదు."

ఆ కాగితంతోనే గంపకు మళ్లీ అడుగు వేద్దామంది అమ్మ. అమ్మాయి దాన్ని ఫోటో తీసుకుని, గుజ్జు మిక్సీలో వేద్దామంది. అమ్మ ఒప్పుకోలేదు. రావల్కోల్ నుంచి తెచ్చిన చిన్న రోలు బాల్కనీలో తులసి కుండీ కింద పీటలా పడి ఉంటే నేనే కడిగి తెచ్చాను. ఆ ఎడ్లు లేవు, అవి దున్నిన చెలకలో ఇప్పుడు హద్దురాళ్లున్నాయి, వాకిట్లో కూర్చుని ఏ పొర ఎవరిదో చెప్పుకునే తీరికా పోయింది. పాత అడుగులోని నా లెక్కల ముక్కను తీసి పారేయబోతే అమ్మ చెయ్యి పట్టుకుంది. "అది తీయకు. గన్నేండ్లు ఆమె చెయ్యి తాకింది దాన్ని."

అందుకని దాన్ని అట్లాగే ఉంచి, మెంతులు నానబోసి, మేనత్త కాగితాన్ని ముక్కలు చేసి నీళ్లలో వేశాను. మూడు రోజులు నానాలి. దంచేది నేనే.