ఊరందరికీ మామ్మగారు

ముసలితనంలో తన దేశపు వృద్ధాశ్రమాల ఖర్చు భరించలేక ఓ తెల్లావిడ రేపల్లె వచ్చి, మా మేడమీద వాటాలో అద్దెకు దిగింది. చర్చిలో, కూరగాయల బజారులో అందరూ “మామ్మగారూ” అని పిలిచేవారు. ఊరినిండా మనవలే అని మురిసిపోయేది. తుంటి విరిగి మంచాన పడ్డాక, జీతానికి పెట్టుకున్న ఆయమ్మ, నేను తప్ప ఎవరూ గడప తొక్కలేదు.

“నా మనవలు ఏరండీ?” అని వచ్చీరాని తెలుగులో రోజూ నన్నే నిలదీసేది. చివరికి నాకు ఒళ్లు మండింది.

“బస్సులో ముక్కూమొహం తెలియని ముసలావిడనైనా మామ్మగారనే అంటామండి. దిగాక గుర్తు కూడా ఉండదు.”

మర్నాడు మందు తెచ్చిన ఆయమ్మ “మామ్మగారూ, నోరు తెరవండి” అంటే, ఎవరిని పిలుస్తోందో అన్నట్టు ఆవిడ గుమ్మంవైపు చూసింది.