తుపాకీ మీది కోడికాలు గుర్తు

రండమ్మా, ఆ ఈతచాప ఇట్లా లాక్కుని నా మోకాలి దగ్గరికి జరిగి కూర్చోండి. గొంతు పెద్దది చేసి చెప్పే సంగతి కాదిది. నేను చదివింది ఐదో తరగతి. అయితే చేత్తో తాకినదేదీ నేను మరిచిపోను. దానివల్ల మా ఇంటికి జరిగిన చెరుపు చెబుతాను.

మాది పాకాలకు ఆవల, అడవి అంచు ఊరు. మా నాయనకు ఒక తుపాకీ ఉండేది. తలుపు గడియ తీసినట్టు పక్కనున్న పిడిని పైకెత్తి, వెనక్కి లాగి తూటా పెట్టే రకం. మా తాత కాలంలో ఎవరో అడవులు చూసే తెల్లదొర ఊరు విడిచి పోతూ ఇచ్చి వెళ్లాడట. మా ఇంట్లో వేట మానేసి చాలా ఏళ్లయింది. కానీ చెనిక్కాయ, అదే వేరుశనగ, ఊడలు దిగే రోజుల్లో అడవిపందులు మందగా వచ్చేవి. నాయన గట్టు మీద నిలబడి ఆకాశంలోకి ఒక్కటి పేలిస్తే వారం దాకా ఈ పక్కకు రావు. మూడెకరాల చేను, ఐదుగురి తిండి, అన్నీ ఆ ఒక్క శబ్దం మీదే నిలిచి ఉండేవి.

ఆయుధపూజకు ఆ తుపాకీని తోమే పని నాది. నాకు తొమ్మిదేళ్లప్పటి నుంచి నాదే. నాయన ఆ పిడి ఉన్న గడియను ఊడదీసి బీరువాలో దాచి, మిగతాది నా చేతికిచ్చేవాడు. నాగలి కర్రు, కొడవళ్లు, పార, కత్తిపీటతో పాటు దాన్నీ పెరట్లో పరిచి, చింతపండు, ఇటుకపొడి వేసి కొబ్బరిపీచుతో ఇత్తడి చెంబును తోమినట్టు తోమేదాన్ని. పైన అమ్మ పసుపునీళ్లు చల్లి బొట్లు పెట్టేది. ఎంత మెరిస్తే అంత భక్తి అనుకున్నాం. తోమేటప్పుడు ఇనుము మీద కొట్టిన గుర్తులు వేలికి తగిలేవి. ఏటేటా ఇంకాస్త తక్కువగా తగిలేవి. నునుపు తేలిందని నేను సంతోషపడేదాన్ని.

ఎనభైలు వచ్చిన కొత్తలో, పాత తుపాకులన్నీ చిత్తూరుకు తెచ్చి చూపించాలని కబురొచ్చింది. నాయన దాన్ని దుప్పట్లో చుట్టాడు. కాగితాలు కూడబలుక్కుని చదివేది ఇంట్లో నేనొక్కదాన్నే కాబట్టి నన్నూ వెంట తీసుకుపోయాడు. పాకాలలో రైలెక్కాం.

ఆఫీసులో గుమాస్తా లైసెన్సు పుస్తకాన్నీ తుపాకీనీ పక్కపక్కన పెట్టుకుని చూశాడు. గడియ మీది నంబరు సరిపోయింది. పుస్తకంలో ‘వేటకు చేసిన రకం’ అని రాసి ఉంది. రకం చెప్పే గుర్తు మాత్రం తుపాకీ మీద లేదు. ఏ రకమో తేల్చి చీటీ రాయించుకుని రమ్మని, ఒక పోలీసును తోడిచ్చి, బజారులో తుపాకులు బాగుచేసే ఆచారి దగ్గరికి పంపాడు.

ఆచారి దాన్ని చేతుల్లోకి తీసుకుని నవ్వాడు.

“ఇదేందన్నా, సంగటి గిన్నె మాదిరి తోమినారే?”

“ఆయుధపూజకప్పా,” అన్నాడు నాయన.

“మా స్టేషన్ గేటు కూడా ఒకతూరి మీ ఇంటికి అంపిస్తాం పాపా, తుప్పు వదలగొడుదువు,” అన్నాడు పోలీసు. నేనూ నవ్వాను.

“సూడన్నా,” అన్నాడు ఆచారి, “ఇట్లాటివి రెండు రకాలుండాయి. సూసేదానికి రెండూ కవల పిల్లలే. ఒకటి వేటకని చేసిందే. అదైతే నీకు బాధ లేదు. ఇంకోటి పటాలానికి చేసింది. తర్వాత ఎవరో గొట్టం మార్చి, కొయ్య కోసి, వేటదాని మాదిరి చేసినారు. అది ఇంట్లో పెట్టుకోకూడదు. ఏది ఏ రకమో చెప్పేది ఈడ కొట్టిన గుర్తే.”

నున్నటి చోట వేలు పెట్టాడు. నూనె రాసి వెలుతురుకు తిప్పి చూశాడు. భూతద్దం పెట్టాడు. కింద ఇంకో గుర్తుంటుందని గొట్టం కింది కొయ్య ఊడదీశాడు. ఏళ్ల తరబడి పసుపునీళ్లు లోపలికి దిగి, ఇనుము పొరలు పొరలుగా తుప్పు పట్టి ఉంది.

“ఏమీ తెలియడం లే. అరగక ముందు సూసినోళ్లు ఎవురన్నా ఉంటే కదా,” అని గొణుక్కున్నాడు.

నాయన ముఖం వాడిపోయింది. గుర్తు పోవడమే మా కష్టమనుకున్నాను నేను.

“నాకు తెలుసు మామా,” అన్నాను.

“మా పాపకు ఒకతూరి తగిలితే సాలప్పా, మరిసిపోదు,” అన్నాడు నాయన. ఆ మాటలో ఎంత గర్వముందో ఇప్పటికీ నా చెవిలో ఉంది.

బలపం తీసుకుని చెక్క మీద గీశాను. పైన కిరీటం. దాని కింద నిచ్చెనలాంటి అక్షరం. ఇంకా కింద, కోడి మట్టిలో అడుగేసినట్టు, ఒకచోట కలిసే మూడు గీతలు.

ఆచారి చెయ్యి ఆగిపోయింది.

“ఈ కోడికాలు నిజంగా ఉండిందా పాపా? బాగా గ్యాపకం చేసుకో. ఏదన్నా గీత పడిందేమో.”

నాకు తప్పుకునే దారి చూపిస్తున్నాడని అర్థం కాలేదు. “లేదు మామా, మూడు గీతలూ వేలికి బాగా తగిలేవి,” అన్నాను. పోలీసు వంగి నా బొమ్మను చూశాడు.

“అది పటాలం గుర్తమ్మా,” అన్నాడు ఆచారి మెల్లగా. “నువ్వు పలక్కుండా ఉంటే తెలియలేదని రాసేవాణ్ణి. పుస్తకంలో ఉండేదే నిజమని వదిలేసుందురు.”

పోలీసు నేల చూస్తూ అన్నాడు, “నేనూ ఇన్నాను కదప్పా. ఉద్యోగం.”

చివరికి నాయనే అన్నాడు. “రాయప్పా. ఉండేదే రాయి. నా బిడ్డ అబద్ధం చెప్పలే.”

తుపాకీ అక్కడే ఉండిపోయింది. ఉత్త దుప్పటిని మడిచి ఒళ్లో పెట్టుకుని రైల్లో కూర్చున్నాడు నాయన. పాకాలలో దిగాక, “ఆకలవుతాందా పాపా?” అన్నాడు, అంతే.

ఆ ఏడు రేకు డబ్బాలు కొట్టాం. పందులు నాలుగు రోజులు బెదిరాయి, తర్వాత ఆ మోతకు అలవాటు పడ్డాయి. ఒకనాటి పొద్దున వెళ్లేసరికి చేనంతా దున్నినట్టుంది. నాయన గట్టు మీద కూర్చుని మిగిలిన కాయలు తువాలులో ఏరుకున్నాడు. అన్నీ కలిపి దోసెడు కూడా కాలేదు. మరుసటేడూ అంతే. మూడో ఏడు చేను బీడు పెట్టి, మిల్లులో మూటలు మోయడానికి పోయాడు. బతికున్నన్నాళ్లూ నన్ను ఒక్క మాటనలేదు. ఒకసారైనా తిట్టి ఉంటే నాకు ఈ బరువు ఉండేది కాదేమో. ప్రతి ఆయుధపూజకూ గోడ మీద తుపాకీ తగిలించే మేకుకు బొట్టు పెట్టేవాడు. నేను ఆ పూట పెరట్లోనే ఉండిపోయేదాన్ని.

ఇక లేవండి, మోకాళ్లు పట్టేసి ఉంటాయి. మీరు విత్తిన గింజ మీ గాదెకే చేరాలి. మీ బిడ్డలు నిజం చెప్పినా మీ ఇంట్లో పొయ్యి ఆరకుండా ఉండాలి.