చెరపాల్సిన ఊరు

వెర్లా రోజూ బూట్లకంటిన గోధుమ పొలాల మట్టిని కౌంటీ ఆఫీసులుండే కోర్టుహౌస్ మెట్ల మీద గీకి, లోపలికి వచ్చి కౌంటీ రోడ్ల పటం ముందు కూర్చుంటుంది. ఇరవై ఆరేళ్లుగా ఆ పటం ఆమె గీస్తున్నదే. జనం వెళ్లిపోయిన ఊళ్లను ఏటా ఆమే చెరుపుతుంది. చెరిపిన ఊరి దారిలో చలికాలం మంచు తీసే బండి ఇక తిరగదు.

ఆ మంగళవారం కమిషనర్ ఓర్విన్ కొత్త జాబితా ఇచ్చాడు. మొదటి పేరు చదవగానే ఆమె చేతిలోంచి రబ్బరు జారిపోయింది.

"డోల్‌విల్ కూడానా?"

"అక్కడెవరున్నారు వెర్లా, పిచ్చుకలు తప్ప! నిన్న మీటింగులో ఓట్లేసి తేల్చేశాం."

"నేనున్నాను."

ఓర్విన్ నవ్వబోయి ఆగిపోయాడు. ఆమె ముఖం పాలిపోయింది.

"ఇన్నేళ్లూ నేను పొద్దున్నే ఎక్కణ్ణుంచి వస్తున్నాననుకున్నావు, ఓర్విన్?"

అతను వంగి, రబ్బరు తీసి ఆమెకు అందించబోయాడు. ఆమె చెయ్యి చాచలేదు.