అత్తమ్మ ప్లగ్గు పీకని మధ్యాహ్నం

కంప్యూటర్లు తమను తామే బాగుచేసుకుంటున్నాయన్న కబురు మొన్న నాకు మొదట చెప్పింది మా తోడికోడలు. తన లాప్‌టాప్ తెరుచుకోకుండా మొరాయిస్తే ఒక్క మీట నొక్కిందట, దానంతట అదే బాగయ్యిందట. లోపల ఏం జరిగిందో చూశావా అని అడిగాను. గుండ్రంగా ఏదో తిరిగిందట, అంతే. ఆ లోపలి సంగతి కళ్లారా చూసే భాగ్యం నాకు ఒకసారి దక్కింది.

బడికి పోని నాకు నాన్న ఇంట్లోనే రామాయణం ముందు పెట్టి అక్షరాలు నేర్పారు. దమ్మపేటకు కోడలిగా వచ్చాక, మా ఆయన ముందు గదిలో పెట్టిన కంప్యూటర్ మీద టైపు చేయడం కూడా అలాగే చూసి చూసి నేర్చుకున్నాను. చాలా ఏళ్ల కిందట ఒకసారి, గూడెం వాళ్లు అడవిలో సాగు చేసుకునే పోడు భూముల హక్కు దరఖాస్తులు టైపు చేసే పని నాకు వచ్చింది. ఎవరి చెలక ఏ వాగు దగ్గర మొదలై ఏ ఇప్పచెట్టు దగ్గర ఆగుతుందో పెద్దవాళ్లు నోటితో చెబుతుంటే నేరుగా కంప్యూటర్‌లోకే ఎక్కించాను. కాగితం మీద ఎక్కడా లేదు. వాటిని ఆఫీసులో ఇవ్వడానికి ఇక ఒక్క రోజే గడువు మిగిలింది.

ఆ పొద్దున ఉరిమింది. ఉరిమితే ఇంట్లో ప్లగ్గులన్నీ పీకెయ్యడం మా అత్తమ్మకు నియమం, ఎందుకంటే ఆమె తమ్ముడు చేలో పిడుగు పడి పోయాడు. నేను వంటింట్లో ఉండగా, నడుస్తున్న కంప్యూటర్ ప్లగ్గు కూడా పీకేసింది. మళ్లీ పెడితే నల్లటి తెర మీద ఇంగ్లిషులో ఒక్క వాక్యం తప్ప ఏమీ రాలేదు.

మా ఆయన ఊళ్లో లేరు. మధిరలో కంప్యూటర్ నేర్పే మా పెద్దమ్మ కూతురికి ఫోన్ చేస్తే, మధ్యాహ్నం అక్క ఫోన్‌లోనే చెబుతూ నాచేత కంప్యూటర్‌తో వచ్చిన సీడీ పెట్టించి, నల్ల తెర మీద చిన్న గీత మిణుకుమనే చోటికి తీసుకెళ్లింది. అక్కడ బొమ్మలుండవు, మాట రాస్తేనే పని. నాకు ఇంగ్లిషు అక్షరాల వరకే వచ్చు కనుక ఆమె ఒక్కొక్కటే చెబుతుంటే రామకోటి రాసినంత భయభక్తులతో కొట్టాను.

"మధ్యలో ఖాళీ వదిలావా తల్లీ? లేకపోతే దానికి అర్థం కాదు. ఇక ఎంటర్ కొట్టి చేతులు కట్టుకు కూర్చో. నడుమ ఆగిందో, ఉన్నది కూడా పోద్ది."

చేటలో బియ్యం పోసి రాళ్లు ఏరినట్టు అది డిస్కు అంతా వెతుకుతూ, ఎంత శాతం అయ్యిందో ఒక్కొక్క అంకె చూపిస్తుంటే రెప్ప వేయబుద్ధి కాలేదు. ముప్పై దాటిందో లేదో, మళ్లీ ఉరిమింది. అత్తమ్మ ప్లగ్గు మీద చెయ్యేసింది.

"తియ్యొద్దు అత్తమ్మా, గూడెం వాళ్ల భూములన్నీ అందులోనే ఉన్నయి!"

"నాకేమెరుక బిడ్డా? పొద్దుగాల్నే చెప్పకపోతివి." ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆ స్విచ్చుబోర్డు కిందే గోడకు ఆనుకుని కూర్చుంది. "ఎవ్వలొచ్చినా ముట్టనియ్య. నువ్వు గా డబ్బా సంగతి జూడు."

ఉరిమిన ప్రతిసారీ ఆమె భుజాలు అదిరిపడేవి, పెదవులు రామా రామా అనేవి. మనిషి మాత్రం లేవలేదు. రాముడి దయ, కరెంటూ పోలేదు. నూరు వచ్చాక అక్క ఇంకో రెండు మాటలు కొట్టించింది, తెర వెలిగింది. దరఖాస్తుల్లో ఒక్కటే చెదిరింది. ఆ పెద్దాయన మర్నాడు పొద్దున్నే వచ్చి తన హద్దులు తడుముకోకుండా మళ్లీ చెప్పాడు. ఆ రోజే కాగితాలన్నీ ఆఫీసుకు చేరాయి.

ఇప్పుడు యంత్రాలు తమను తామే బాగుచేసుకుంటున్నాయి, సంతోషమే. కానీ అక్క గొంతు పట్టుకుని అక్షరం వెంట అక్షరం నడిచే అవసరం, ఒక ఇల్లంతా ఒక అంకె వైపు చూస్తూ కూర్చునే పూట ఇక లేవు. ఆ కాగితాల మీద గూడెం వాళ్ల పేర్లున్నాయి, నా టైపు ఉంది. అత్తమ్మ గురుతు ఎక్కడా లేదు, ఆమె కూడా ఇప్పుడు మా మధ్య లేదు. చదివిన మీరైనా ఆమెను ఒక్కసారి తలచుకోండి. ఆ మధ్యాహ్నం ఆమె ఎంత భయపడిందో చూసినదాన్ని నేనొక్కదాన్నే.