కొంగులో ఆరు గవ్వలు

అండమాన్‌కు బయల్దేరేముందు మా గల్లీ ఆడవాళ్లంతా మా అమ్మను చుట్టుముట్టారు. అమ్మను మేం అవ్వ అనే పిలుస్తాం. నిజామాబాద్‌లో మా గల్లీవాళ్లు ఆదివారం బీడీల చాటలు పక్కన పెట్టి పచ్చీసు ఆడతారు. గవ్వలకు బదులు ఒకవైపు అరగదీసిన చింతగింజలు వేస్తారు. గింజ అంచు మీద నిలబడితే తెలుపో నలుపో తేలదు, ఇక గొడవే.

"సముద్రం కాడికి పోతున్నవ్, ఆరు గవ్వలు తే అక్కా."

"ఆరెందుకే, కొంగు నింపుకొస్త," అని మాట ఇచ్చేసింది అవ్వ.

విమానం, ఓడ, ఆపైన చిన్న పడవ. మేం దిగిన దీవిలో కొబ్బరిచెట్లు, తెల్లటి ఇసుక, మాతో వచ్చిన పదిమంది తప్ప ఇంకేం లేవు. ఆ నీలం నీళ్లను నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను. అవ్వ తలెత్తితే ఒట్టు! బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఇసుకలో వెతుకుతోంది. నాకు ఒళ్లు మండింది. ఈ గవ్వలు బజారులో దొరకవా అన్నాను.

"బజార్ల కొంటే నేను సముద్రం సూసిన్నని ఎవలు నమ్ముతరు?"

కాసేపటికి కొంగులో మూట కదిలింది. చిన్న శంఖంలోంచి ఎర్రటి కాళ్లు బయటికొచ్చాయి.

"ఓ అవ్వో, ఎండ్రికాయ! ఇంటితోని సహా ఎత్తుకొచ్చిన," అంటూ గంతేసి, ఆ పీతను మెల్లగా నీళ్ల అంచున వదిలింది. ఖాళీ గవ్వలు సరిగ్గా ఆరు మిగిలాయి.

పడవ దగ్గర, మాతోపాటు వచ్చిన అటవీశాఖ గార్డు ఆపాడు. ఇక్కడి గవ్వ ఒక్కటి కూడా దీవి దాటకూడదట. "ఛే హీచ్ హై భయ్యా, ఖేల్నేకు," ఆరే కదా, ఆడుకోవడానికి అని మా నిజామాబాద్ హిందీలో బతిమాలింది అవ్వ. అతను నవ్వి తల అడ్డంగా ఊపాడు. అవ్వ ముఖం చిన్నబోయింది. ఇందాక విసుక్కున్నందుకు నాకు సిగ్గేసింది.

పడవ కదలడానికి ఇంకా అరగంట ఉంది. అవ్వ ఇసుకలో చతికిలబడి వేలితో పచ్చీసు పటం గీసింది. "కూసో," అంది. ఆ ఆరు గవ్వలే వేశాం, గులకరాళ్లే మా కాయలు. గార్డు కూడా పక్కన నిలబడి చూశాడు. నేను చిత్తుగా ఓడిపోయాను. గవ్వలను అక్కడే వదిలేసి పడవెక్కాం.

గల్లీలో అడుగుపెట్టగానే అందరూ చేతులు చాచారు. ఇన్ని కోతలు కోసి వెళ్లింది, ఇప్పుడు పరువు పోతుందని నాకు భయం. అవ్వకు ఆ బెరుకే లేదు.

"గవ్వలు ఆడనే ఉండాల్నట. ఆడాల్నంటె మనమే పోవాలె."

అందరూ ఎగతాళి చేస్తారనుకున్నాను. ఎవరూ నవ్వలేదు. గుమ్మంలో కూర్చున్న ముసలామె బీడీ చుట్టడం ఆపి, "ఎన్నడు పోదాం?" అని అడిగింది.